పండుగల మధ్య ఖాళీలో భాష: టొరంటో ప్రాంతపు కొంకణి సంఘంతో ఒక కేస్ స్టడీ

ప్రవాస సంఘాల దగ్గరున్న పాత క్యాసెట్లు, ఫొటోలు, పెద్దల జ్ఞాపకాలు సేకరించి భద్రపరచడం నా వృత్తి. టొరంటో చుట్టుపక్కల స్థిరపడిన కొంకణి కుటుంబాల సంఘం ఒకటి రజతోత్సవానికి ముందు నన్ను పిలిచింది. సంఘం పేరు గాని, సభ్యుల పేర్లు గాని ఇక్కడ రాయను. రికార్డింగులు మొదలుపెట్టే ముందే అలా అనుకున్నాం. జరిగిన పనిని మాత్రం వివరంగా రాస్తున్నాను. అమెరికాలో, కెనడాలో తెలుగు సంఘాలు నడుపుతున్న మిత్రులు సరిగ్గా ఇలాంటి పని గురించే నన్ను తరచు అడుగుతున్నారు.

సంఘం అడిగినవి రెండు: రంగుల్లో అచ్చువేసిన సంచిక ఒకటి, గంటసేపు నడిచే వీడియో ఒకటి. వారసత్వం అనగానే ఏ సంఘమైనా ముందు అడిగేవి ఇవే. రెండూ చేసి ఇచ్చాం. అసలు పని వాటి పక్కన జరిగింది, ఇంకా జరుగుతోంది.

ఎవరి వారసత్వం

తెలుగు పాఠకులకు కొంకణి అంటే గోవా గుర్తుకొస్తుంది. అది నిజమే గాని సగం నిజం. గోవా నుంచి కార్వార్, ఉడుపి, మంగళూరు మీదుగా కొచ్చి దాకా పడమటి తీరమంతా కొంకణి ఇళ్లు ఉన్నాయి. 1510లో మొదలైన పోర్చుగీసు పాలన, 1560 నుంచి సాగిన ఇంక్విజిషన్ (చర్చి మత విచారణ) వేధింపులు కొంకణి మాట్లాడే హిందూ బ్రాహ్మణులైన గౌడ సారస్వతులను దక్షిణానికి తరిమాయి. ఆ తర్వాతి కాలాల్లో కరువులకూ యుద్ధాలకూ తట్టుకోలేక క్రైస్తవులూ అదే దారి పట్టారు. 1684లో కొంకణి వాడకాన్నే మానుకోమని పోర్చుగీసు ప్రభుత్వం ఆజ్ఞ జారీ చేసింది. ఇన్ని దెబ్బలు తిన్న భాషకు 1975లో సాహిత్య అకాడమీ గుర్తింపు, 1987లో గోవాలో అధికార హోదా, 1992లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు దక్కాయి. అయినా జనగణన లెక్క కలవరపెడుతుంది. 2001లో కొంకణిని మాతృభాషగా నమోదు చేయించుకున్నవారు 24,89,015 మంది. 2011 నాటికి 22,56,502 మంది.

మన హైదరాబాదుకూ ఈ భాషతో బంధం ఉంది. తిరుమలగిరిలో పుట్టిన సినీ దర్శకుడు శ్యామ్ బెనెగల్ ఇంటి భాష కొంకణే.

నేను పనిచేసిన సంఘంలో నూరుకు పైబడిన కుటుంబాలు ఉన్నాయి. ఉడుపి, కుందాపుర వైపు సారస్వతులు, మంగళూరు కథోలికులు, కొన్ని గోవా కుటుంబాలు, కొచ్చి నుంచి వచ్చిన మూడు నాలుగు ఇళ్లు. వీళ్లు కాక నైరోబీ, కంపాలాల మీదుగా వచ్చిన గోవా వారు కొందరు ఉన్నారు. 1972లో ఈదీ అమీన్ ఆసియా వారికి తొంభై రోజుల గడువు పెట్టి ఉగాండా నుంచి వెళ్లగొట్టినప్పుడు కెనడా చేరినవారి పిల్లలూ వీళ్లలో ఉన్నారు. హిందువులూ క్రైస్తవులూ ఒకే కొంకణి సంఘంలో ఉండటం విదేశాల్లో అంత మామూలు విషయం కాదు. చాలా చోట్ల గోవా వారికి ఒకటి, మంగళూరు వారికి ఒకటి, సారస్వతులకు మరొకటి ఉంటాయి. ఈ సంఘాన్ని మొదలుపెట్టినవారు కలిసే ఉండాలని పట్టుబట్టారు. ఆ పట్టుదల వల్లే ఈ పని ఇంత లోతుకు వెళ్లిందని నా నమ్మకం.

నేను వెళ్లేసరికి

ఏడాదికి నాలుగు పెద్ద కార్యక్రమాలు జరిగేవి: మన ఉగాది రోజే వచ్చే సంసార్ పాడ్వొ, వేసవి పిక్నిక్, వినాయక చవితి, క్రిస్మస్. హాలు నిండేది, భోజనం బాగుండేది, పిల్లలు నృత్యాలు చేసేవారు. కార్యవర్గ సమావేశాలు, ప్రకటనలు, ఈమెయిళ్లు, వంటవాళ్లతో మాటలు అన్నీ ఇంగ్లీషులో. వేదిక మీద స్వాగత వాక్యాలు రెండు, పాటలు నాలుగు, అంతవరకే కొంకణి. పిల్లలకు వారాంతపు తరగతి ఒకటి పెట్టారు గాని ఏ లిపి నేర్పాలన్న దగ్గర తగవు వచ్చి, నేను వెళ్లకముందే అది మూతపడింది.

నైరోబీలో పుట్టిన ఒక పెద్దాయన చెప్పిన సంగతి ఈ పనికంతటికీ దారి చూపింది. ఆయన ఇంట్లో రెండు తరాలుగా ఇంగ్లీషే మాట్లాడుతున్నారు. కొంకణిలో ఆయన ఒక పూట సంభాషణ కూడా నడపలేరు. జపమాల ప్రార్థన మాత్రం మొదటి నుంచి చివరిదాకా కొంకణిలో తడుముకోకుండా చెబుతారు. వాళ్ల నాన్న రాత్రి భోజనానికి ముందు అది చెప్పించేవారట. ఇంట్లో ఆ భాషకు మిగిలిన ఒకే ఒక్క పని అది. ఆ పని ఉన్న మేరకు భాష మిగిలింది.

చరిత్ర కూడా ఇదే చెబుతోందని కార్యవర్గానికి వివరించాను. కొంకణిలో తొలి పత్రిక 1889లో వెలువడింది గోవా నుంచి కాదు, పుణె నుంచి. కొంకణి నాటకరంగమైన తియాత్ర్ 1892లో పుట్టింది బొంబాయిలో. కొంకణికి ఆధునిక గద్యం సమకూర్చిన శెణై గోంయ్‌బాబ్ జీవితంలో ఎక్కువ భాగం బొంబాయిలోనే గడిపారు. ఆయన కన్నుమూసిన ఏప్రిల్ 9నే ఇప్పుడు ప్రపంచ కొంకణి దినంగా జరుపుకుంటున్నారు. బొంబాయి ధోబీతలావ్‌లోనూ ఆ చుట్టుపక్కలా గోవా ఊళ్ల పేరిట ‘కూడ్’లు ఉండేవి, కొన్ని నేటికీ ఉన్నాయి. ఓడల్లో పని కోసం ఎదురుచూసే నావికులకు అవే బస. చిన్న రుసుము, పెట్టె పెట్టుకునే చోటు, ఊరి పునీతుడి పీఠం, సాయంత్రం అందరూ కలిసి చేసే ప్రార్థన. అక్కడ కొంకణిని ఎవరూ ప్రత్యేకంగా ‘కాపాడలేదు’. బస కుదుర్చుకోవడానికీ, ఉద్యోగం కబురు తెలుసుకోవడానికీ, దేవుణ్ణి తలుచుకోవడానికీ అదే భాష కావలసి వచ్చింది.

కాబట్టి నా ప్రతిపాదన ఇది: కొంకణి గురించిన కార్యక్రమాలు పెంచడం కాదు, కొంకణిలో జరగాల్సిన పనులు పెంచాలి. సేకరణ కూడా పని జరిగే చోటే చేయాలి.

వంటగదిలో మైకు

మొదట పాటలు. మంగళూరు కథోలికుల పెళ్లికి ముందు ‘రోస్’ అనే వేడుక ఉంటుంది. వధువుకో వరుడికో కొబ్బరిపాలు పట్టించి స్నానం చేయిస్తారు. ఆ సమయంలో పాడే పాటలను ‘ఓవియో’ అంటారు. అవి బాగా వచ్చిన పెద్దావిడ ఒకరు మిస్సిసాగాలో కూతురి దగ్గర ఉంటున్నారు. ఆవిడను సోఫాలో కూర్చోబెట్టి, కాలర్ మైకు పెట్టి పాడమన్నారు కుటుంబసభ్యులు. రెండు చరణాలు పాడి, “మిగతావి మరిచిపోయానమ్మా” అన్నారు.

వారం తర్వాత అదే ఇంటి వంటగదిలో కొబ్బరికాయలు పెట్టుకుని కూర్చున్నాం. మనవరాలి పెళ్లి దగ్గరపడుతోంది, రోస్‌కు పాలు తీయడం ఎలాగో ఇంట్లో చిన్నవాళ్లకు చూపించాలి. ఆవిడ కోరు తీయడం మొదలుపెట్టారు. పాలు పిండుతూ, మొదటి పాలు ఏ గిన్నెలోకి వెళ్లాలో చెబుతూ మధ్యలో సన్నగా ఎత్తుకున్నారు. ఒక చరణం కొబ్బరి మీద, తర్వాతిది తల్లి మీద, ఆ తర్వాత మేనమామ మీద, దివిటీ పట్టేవారి మీద, పందిరి మీద. వేడుకలో ఏ అడుగు తర్వాత ఏది వస్తుందో ఆ వరుసలోనే చరణాలూ వచ్చాయి. మధ్యలో పక్కింటావిడ గొంతు కలిపి, ఒక చోట వేరే మాట పాడారు. ఇద్దరూ ఆగి, మీ ఊళ్లో అలాగా, మా ఊళ్లో ఇలా అని వాదించుకున్నారు. ఆ వాదన కూడా రికార్డింగులో ఉంది, దాన్ని కత్తిరించనివ్వలేదు నేను. మూడోసారి పాడినప్పుడు మనవరాలు వంత పాడింది.

ఈ అనుభవం తర్వాత సోఫా ఇంటర్వ్యూలు దాదాపు మానేశాం. మైకు వంటగదికీ, పెరటికీ, పూజ గదికీ వెళ్లింది. వెనక గ్రైండర్ మోగుతుంది, కుక్కర్ కూత వేస్తుంది, శబ్దం శుభ్రంగా ఉండదు. అయినా సరే. స్టూడియోలో శుభ్రంగా వచ్చే రెండు చరణాల కన్నా వంటగది చప్పుళ్ల మధ్య పూర్తిగా దొరికిన పాటే నాకు విలువైనది.

హిందువులనూ క్రైస్తవులనూ ఒక్క బల్ల దగ్గరకు చేర్చింది పసుపు ఆకు. బియ్యప్పిండి ముద్దను పసుపు ఆకు మీద పలచగా పరిచి, మధ్యలో కొబ్బరి బెల్లం పెట్టి, మడిచి ఆవిరి మీద ఉడికించే పిండివంట పాతోళి. హిందువుల ఇళ్లలో నాగపంచమికి చేస్తారు, గోవా క్రైస్తవులు ఆగస్టు 15న మరియమాత పండుగకు చేస్తారు. రెండూ ఒకే ఋతువులో వస్తాయి, ఎందుకంటే తీరంలో పసుపు మొక్కలు ఏపుగా ఆకు వేసేది వర్షాకాలంలోనే. టొరంటోలో ఆకు దొరకడం కష్టం. భారతీయ దుకాణాల్లో కొమ్ము పసుపు కొని కుండీల్లో నాటి, చలికాలమంతా కిటికీ దగ్గర పెట్టి, మే నెలాఖరులో బయట పెట్టే ఇళ్లు ఇప్పుడు పాతిక దాకా ఉన్నాయి. ఆగస్టులో ఒక ఆదివారం ఆకులన్నీ ఒక్కచోటికి వస్తాయి. ఉడుపి వారి పిండి గరుకు, గోవా వారిది నున్నన. ఎవరిది సరైనదో తేలలేదు, తేల్చాలని ఎవరూ అనుకోలేదు.

చూడి

నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. సారస్వత స్త్రీలు శ్రావణ మాసంలో శుక్రవారాలు, ఆదివారాల్లో చూడి పూజ చేస్తారు. గరిక, చిన్న చిన్న పూలు, ఆకులు ఒక వరుసలో పేర్చి అరటినారతో గుప్పెడంత కట్టగా కడతారు. తులసికి, గుమ్మానికి పెట్టి, ఇంట్లో పెద్ద ముత్తైదువులకు ఇచ్చి ఆశీస్సులు తీసుకుంటారు. దూరాన ఉన్న పెద్దలకు కుంకుమ అక్షతలతో కలిపి కవరులో పెట్టి తపాలాలో పంపడం కూడా ఆచారమే. శ్రావణ శుక్రవారం సందడి తెలిసిన తెలుగు ఇళ్లకు ఈ పూజ పరాయిదిగా తోచదు.

కెనడాలో శ్రావణం అంటే నిండు వేసవి. పెరట్లో పూలకు కొదవ లేదు, కానీ అవి ఊరి పూలు కావు. ఊళ్లో గట్టు మీద కోసుకొచ్చే మొక్కలకు బదులు ఏది వాడాలి? పెద్దవాళ్లు ముగ్గురు, చిన్నవాళ్లు ఆరుగురు కలిసి ఒక పార్కు అంచున నడుస్తూ, ఒక్కో మొక్క ముందు ఆగి, ఊళ్లో దేనికి ఇది దగ్గరో చెప్పుకుంటూ వెళ్లారు. నేను వెనక రికార్డర్ పట్టుకుని నడిచాను. ఆ నడకలో దొరికినన్ని మొక్కల పేర్లు, ఆకు వాసనను, నూగును, పూల రేకులను వర్ణించే మాటలు మరే రికార్డింగులోనూ దొరకలేదు.

కొచ్చి నుంచి వచ్చిన సభ్యుడొకరు అప్పుడే హోర్టస్ మలబారికస్ ప్రస్తావన తెచ్చారు. 1678 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ఆ పన్నెండు సంపుటాల వృక్షగ్రంథానికి సాయపడినవారిలో రంగ భట్, వినాయక పండిట్, అప్పు భట్ అనే ముగ్గురు కొంకణి వైద్యులు ఉన్నారు. 1675 నాటి వారి ధ్రువీకరణ పత్రం కొంకణిలో, నాగరి లిపిలో ఆ గ్రంథంలోనే అచ్చయింది. గోవా వదిలి కొచ్చి చేరిన కుటుంబాల వారు కొత్త నేల మీద మొక్కలను గుర్తుపట్టి పేర్లు చెప్పారన్న సంగతి విని, ఆ నడకలో ఉన్న పిల్లలు మొదటిసారి నన్ను ప్రశ్నలు అడిగారు.

ఇప్పుడు చూడి కట్టలు తపాలాలో ఒట్టావాకు, మాంట్రియల్‌కు వెళుతున్నాయి. కవరులో ఒక ఉత్తరం ఉండాలని, అది కొంకణిలో ఉండాలని నియమం పెట్టుకున్నారు. నాలుగు వాక్యాలైనా చాలు. సరిహద్దు దాటించి పచ్చి మొక్కలు పంపడానికి ఆంక్షలు ఉంటాయి గనుక అమెరికాలో ఉన్న పెద్దలకు ఉత్తరం మాత్రమే వెళుతుంది.

ఏ లిపి?

తరగతిని మూయించిన ప్రశ్న ఇదే. కొంకణిని ఐదు లిపుల్లో రాస్తారు: దేవనాగరి, రోమన్, కన్నడ, మలయాళం, పర్షియన్-అరబిక్. గోవా చట్టం దేవనాగరినే గుర్తించింది. కానీ రోమన్ లిపి వెనక నాలుగు శతాబ్దాల చరిత్ర ఉంది. థామస్ స్టీఫెన్స్ రాసిన కొంకణి వ్యాకరణం 1640లో గోవాలోని రాచోల్‌లో అచ్చయింది. గోవా క్రైస్తవుల పాటలు, నాటకాలు ఆ లిపిలోనే ఉన్నాయి. మంగళూరు వారికి కన్నడ లిపి తప్ప మరొకటి ఇంటిదిగా అనిపించదు.

తెలుగు సంఘాల్లో పనిచేసినవారికి ఈ చిక్కు అర్థం కావడానికి కొంత సమయం పడుతుంది. మనకు ఒకే లిపి. 2007లో సిలికానాంధ్ర సంస్థ పిల్లలకు తెలుగు నేర్పే మనబడి మొదలుపెట్టినప్పుడు పాఠ్యపుస్తకంలో ఏ అక్షరాలు ఉండాలన్న ప్రశ్నే లేదు. ఆ నమూనాను ఇక్కడ దించితే నిలవదు.

ఏదో ఒక లిపి గెలవాలన్న పట్టును వదిలేయమని నేను గట్టిగా చెప్పాను. నా దృష్టిలో ఇది అంత తొందరగా తేల్చాల్సిన ప్రశ్న కాదు. మాట రాని పిల్లలకు అక్షరాలు నేర్పి ప్రయోజనం ఏమిటి? కాబట్టి తరగతి మళ్లీ తెరిచినప్పుడు మొదటి ఏడాది పలక, పుస్తకం లేవు. నోటి మాట, పాట, ఆట మాత్రమే. రెండో ఏడాది నుంచి ఎవరింటి లిపి వారిది. ఒకే చూడి ఉత్తరాన్ని ఒక పాప కన్నడ అక్షరాల్లో, పక్కనున్న బాబు రోమన్‌లో రాస్తారు. పైకి చదివినప్పుడు ఇద్దరికీ అర్థమవుతుంది. సంఘం ప్రకటనలు రోమన్, దేవనాగరి, కన్నడ మూడింటిలో వస్తున్నాయి. మూడింతల పని. అచ్చుతప్పులూ పెరుగుతాయి. ఆ శ్రమ పడటానికి మనుషులు ముందుకు వచ్చారు, అదీ విశేషం.

వడ్డన వరుస

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చింది వడ్డన. పండుగ రోజు వంటగదిలోనూ, వడ్డించే చోటా కొంకణి మాత్రమే మాట్లాడాలన్న నియమం పెట్టారు. పదేళ్లు దాటిన పిల్లలందరికీ వడ్డన వంతులు వేశారు. దాళితొయ్ (కొంకణి పప్పు) గరిట పట్టుకున్న కుర్రవాడికి కావలసిన మాటలు ముప్ఫై దాటవు: ఇంకొంచెం వేయనా, చాలా, వేడిగా ఉంది జాగ్రత్త, అన్నం అయిపోయింది, వెనక నుంచి తెప్పించండి. కానీ ఆ ముప్ఫై మాటలు రెండు వందల మందితో అనాలి. వరుసలో నిలబడిన తాతయ్యలు, అమ్మమ్మలు ఊరుకోరు. నువ్వెవరి అబ్బాయివి, మీ ఊరేది అని అడుగుతారు. జవాబు చెప్పాలి. పూట గడిచేసరికి ఆ పిల్లవాడి నోరు తిరుగుతుంది.

ఈ ఏర్పాటు నడిపిస్తున్నది ఒక తెలుగింటి ఆడపడుచు, గుంటూరు జిల్లా నుంచి వచ్చి కొంకణి ఇంటి కోడలైనావిడ. అత్తగారిని ‘మాయీ’ అని పిలుస్తూ, పెద్ద వయసులో ఆ భాష నేర్చుకున్నారు. పుట్టుకతో కొంకణి వచ్చినవాళ్లు తప్పులు దిద్దుతూ పిల్లల్ని బెదరగొడుతుంటే, ఈవిడ తానూ తడబడుతూనే మాట్లాడి వాళ్లకు ధైర్యం ఇస్తారు. ఇతర భాషల నుంచి వచ్చిన కోడళ్లు, అల్లుళ్లు భాషకు నష్టం అనుకునే సంఘాలు ఆవిడ పని చూడాలి.

అన్నీ ఇలా కుదరలేదు. పదహారు దాటిన పిల్లల కోసం పెట్టిన చర్చా బృందం నాలుగు నెలలకే చల్లబడింది; వాళ్లకు కొంకణిలో చేయవలసిన పని ఏదీ అందులో లేదు. ఘుమట్ శిక్షణ సగంలో ఉంది. అది మట్టికుండ మూతికి తోలు బిగించిన వాద్యం. పూర్వం ఉడుము తోలు వాడేవారు, వన్యప్రాణి చట్టం వచ్చాక మేకతోలు. గోవా నుంచి తెచ్చినవాటిలో కొన్ని సామానులోనే పగిలాయి, మిగిలినవాటి తోలు శీతాకాలంలో హీటర్ వేసిన హాలులో బిగుసుకుపోయి ఒకటి చిట్లింది. స్థానిక కుమ్మరి ఒకరితో కుండ చేయించి చూస్తున్నారు.

ఫైళ్లు, అనుమతులు

ఇదే పని చేయబోయేవారి కోసం కొన్ని వివరాలు. రికార్డింగులన్నీ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లు. ఫైలు పేరులోనే తేదీ, పాడినవారి ఊరు, ప్రక్రియ ఉంటాయి. ఎందుకంటే విడిగా రాసుకున్న జాబితాలు ఏదో ఒక రోజు పోతాయి. మూడు ప్రతులు, రెండు వేర్వేరు ఇళ్లలో, ఒకటి ఆన్‌లైన్ నిల్వలో. ఏటా ఒకసారి ప్రతి ఫైలూ తెరిచి వినాలి. పాత వీడియో క్యాసెట్లను ఇక ఆలస్యం చేయకుండా డిజిటల్‌లోకి మార్చుకోవాలి. టేపు బాగానే ఉన్నా దాన్ని నడిపే యంత్రాలు కరువవుతున్నాయి.

అనుమతి పత్రం పాడినవారికి వచ్చిన భాషలో చదివి వినిపించాలి. అందరూ వినవచ్చు, సంఘం లోపలే వినాలి, కుటుంబం మాత్రమే వినాలి అని మూడు స్థాయిలు పెట్టాం. ఒక పెద్దావిడ తన తల్లి పాడిన శోకగీతాన్ని మూడో స్థాయిలో ఉంచమన్నారు. అది ఎంత అరుదైనదో నాకు తెలుసు. అయినా ఆవిడ మాటే ఆఖరుది, ఆ ఫైలు మూసే ఉంది.

రజతోత్సవం అయిపోయింది, సంచిక అందరి ఇళ్లకూ చేరింది. కార్యవర్గ సమావేశాల్లో మొదటి అంశం ఇప్పుడు కొంకణిలోనే చర్చిస్తున్నారు. మినిట్స్ కూడా ఆ మేరకు కొంకణిలోనే రాస్తున్నారు. తర్వాతి పని భట్కళ్ ముస్లింలైన నవాయతులది. వాళ్లు మాట్లాడే నవాయతి కొంకణి కుటుంబంలోదే, రాసేది పర్షియన్-అరబిక్ లిపిలో. బ్రాంప్టన్‌లో ఉన్న రెండు కుటుంబాలతో మాటలు జరిగాయి. పండుగల జాబితాలో వాళ్లకు చోటు లేకుండా పిలవడం మర్యాద కాదని, ఈద్‌ను సంఘం క్యాలెండరులో చేర్చాకే ఆహ్వానం పంపాలని తీర్మానించారు. ఆ తీర్మానం కొంకణిలోనే చర్చకు వచ్చింది, ఎక్కువమంది మద్దతుతో ఆమోదం పొందింది. వేసవిలో వాళ్ల వంటగదిలో మొదటి రికార్డింగు పెట్టుకున్నాం.